పావురాలను తరిమిన మనిషి

మా శాలిబండ గల్లీలో ఇప్పుడు పావురాలు ఎవరి డాబా మీదైనా వాలొచ్చు. తరిమే మనిషి పోయాడు.

పోయిన వారం ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు. గుండె అన్నారు. ఆ సాయంత్రమే నమాజు తర్వాత తీసుకుపోయారు. నేను మా గడపలో నిలబడి చూస్తున్నాను. ఎదురింటి పై వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి పక్కనున్న ఆమెకు వివరించి చెబుతోంది. రోజూ రెండు పూటలా డాబా మీద గడ పట్టుకుని పావురాలను బెదరగొట్టే ముసలాయన ఈయనేనట, నోరులేని జీవాలంటే అంత కక్ష ఏమిటో అట. నాకు ఒళ్ళు మండింది. మనిషిని మోసుకుపోతుంటే ఆ మాటలేమిటని గట్టిగా అందామనుకున్నాను. అనలేదు. ఆ అమ్మాయి చూసింది అదే మరి. నేను చూసింది చెప్పడానికి నాకు అనుమతి లేదు.

అనుమతి లేనిది ఇక్కడెలా రాస్తున్నావని మీరు అడగవచ్చు. ఆయన పేరు నేను రాయను. ఈ మాటలు ఎవరి కంట పడకూడదో ఆయన ఇంటి పిల్లకు తెలుగు మాట్లాడడం మాత్రమే వచ్చు, చదవడం రాదు. ఉర్దూ మీడియంలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి మారిన పిల్ల. ముప్పై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్న నేను ఒకరికి తెలుగు చదవడం రానందుకు సంతోషించడం ఇదే మొదటిసారి.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాళ్ళ డాబా నిండా పావురాలే. మా డాబాకూ వాళ్ళ డాబాకూ మధ్య మోకాలెత్తు గోడ ఒక్కటే అడ్డం. అటువైపు పాత చెక్కలతో చేసిన గూళ్ళు వరుసగా ఉండేవి. పక్కనే రేకుల కింద ఆయన మగ్గం. పెళ్ళిబట్టల మీద జరీ పని చేసేవాడు. కింద గదిలో వెలుతురు లేక మగ్గాన్ని పైకి ఎక్కించానని చెప్పేవాడు గానీ, అసలు కారణం పావురాలని అందరికీ తెలుసు. చేయి బట్ట మీద, చూపు ఆకాశం మీద. సూది ఒక్కసారైనా తప్పు చోట దిగగా నేను చూడలేదు.

గల్లీలో అందరూ ఆయన్ని కబూతర్‌వాలా అనేవారు. నాకు మాత్రం భాయ్. ఆయనకు నేను చెల్లెను. ఆయన కుర్తా కుడి జేబు ఎప్పుడూ జొన్నలతో ఉబ్బి ఉండేది. కూరగాయల బండి దగ్గర చిల్లర తీయబోతే ముందు జొన్నలు రాలేవి. మసీదు మెట్ల మీద, షేర్ ఆటో సీటు మీద, మా గడప మీద, ఆయన ఎక్కడ కాసేపు నిలబడితే అక్కడ నాలుగు గింజలు. ఈయన నడిచిన తోవలో వానకాలం మొలకలొస్తాయని మా అత్తమ్మ వెక్కిరించేది.

అత్తమ్మకూ ఆయన పావురాలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఎండాకాలం ఆమె డాబా మీద వడియాలు పెట్టడం, అవి వచ్చి తొక్కడం, ఆమె గోడ దగ్గర నిలబడి ఆయన ఏడు తరాలనూ తలుచుకోవడం ఏటా ఉండే తంతు. ఆయన తల వంచుకుని మొత్తం వినేవాడు. తర్వాత, తన పావురాలు మంచి వడియాలనే తొక్కుతాయని, పక్క గల్లీ వాళ్ళవి ముట్టుకోవని నెమ్మదిగా అనేవాడు. ఆమెకు నవ్వొచ్చేది. నవ్వు ఆపుకోవడానికి, కాకిపిల్ల కాకికి ముద్దు అంటూ మెట్లు దిగిపోయేది.

ఆయన దగ్గర పొడవాటి వెదురు గడ ఉండేది, కొసన నల్లగుడ్డ కట్టి. పావురాలు పెంచేవాళ్ళందరి దగ్గరా ఉంటుంది. సాయంత్రం గూళ్ళు తెరిచి గుంపును పైకి లేపి, ఆ గడ ఊపుతాడు. గుడ్డ ఆడుతున్నంతసేపూ అవి దిగవు, చుట్లు తిరుగుతూనే ఉంటాయి. ఇక చాలనుకున్నప్పుడు గడ పక్కన పెట్టి, జేబులో చేయి పెట్టి, ఆవ్ ఆవ్ అని పిలుస్తాడు. గుంపంతా ఒక్కసారిగా దిగేది. ఆ గాలికి మా డాబా మీద ఆరేసిన బట్టలు కదిలేవి.

వాటిలో ఒక తెల్లది ఉండేది. దాని కాళ్ళకు ఇత్తడి గజ్జెలు కట్టాడు, చిటికెన గోరంత మువ్వలు. ఆయన కుడుతుంటే అది మగ్గం కర్ర మీద అటూ ఇటూ నడిచేది. మధ్యాహ్నం గల్లీ సద్దుమణిగాక ఆ మువ్వల చప్పుడు మా వంటింటి దాకా వినిపించేది.

ఆయనకు అప్పటికి పెళ్ళయి చాలా ఏళ్ళు. పిల్లలు లేరు. ఆయన భార్య, మా భాభీ, దర్గాలన్నీ తిరిగింది, మా అత్తమ్మ మాట మీద గుళ్ళు కూడా. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. పిల్లల మాట ఎవరైనా ఎత్తితే ఎగతాళిలోకి దింపేసేవాడు. నేను మా బాబు స్కూలు ఫీజు గురించి వాపోయిన ప్రతిసారీ గోడ అవతలి నుంచి ఆయన మాట సిద్ధంగా ఉండేది.

"పిల్లలకంటే పావురాలు సస్తా చెల్లె. పావురానికి యూనిఫాం కుట్టియ్యాల్నా? పుట్టుకతోనే తొడుక్కొని వస్తది."

పావురాలే చవకని చెప్పడానికి జూన్ నెలలో యూనిఫాం మాట, పరీక్షలప్పుడు ట్యూషన్ మాట. ట్యూషన్ లేకుండానే పావురం ఇంటి తోవ నేర్చుకుంటుంది కదా అనేవాడు. మా ఆడబిడ్డ పెళ్ళిలో భోజనాల పందిట్లో నిలబడి, పావురాల పెళ్ళికి ఫంక్షన్ హాలు అక్కర్లేదని మా మామగారితోనే అన్నాడు. అప్పటికే ఖర్చులకు తల పట్టుకుని ఉన్న మామగారు కూడా పకపకా నవ్వారు. ఆ నవ్వుల వెనక ఏముందో మాకు తెలియదని కాదు. తెలిసే నవ్వేవాళ్ళం, ఆయనకు కావలసింది అదే కాబట్టి.

ఇక ఎవరూ అడగడం కూడా మానేసిన కాలానికి నూరీ పుట్టింది.

ఆ రోజు ఆయన గల్లీలో ఇంటింటికీ సొరకాయ పాయసం, కద్దూ ఖీర్ పంచాడు. మా ఇంటికి గిన్నె తెచ్చినప్పుడు గడప మీద ఎప్పటిలాగే జొన్నలు రాలాయి. అత్తమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. తర్వాత ఆయన వరస చూడాలి. పాలపొడి డబ్బా తెస్తే సంచిలో పెట్టుకోడు, అందరికీ కనబడేలా చేతిలో పట్టుకుని గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తాడు. డైపర్ల ప్యాకెట్ నెత్తిన పెట్టుకుని వచ్చిన రోజు కూడా ఉంది. ఒక్క డబ్బా పాలపొడి ధరకు తన గుంపు మొత్తానికి ఎన్ని రోజుల దాణా వస్తుందో చెప్పుకుని తెగ మురిసిపోయేవాడు. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకునే అవకాశం నాకు దొరికింది. పావురాలే సస్తా అంటివి కదా భాయ్, ఇప్పుడేమైంది అన్నాను.

"సస్తావి సస్తానే చెల్లె," అన్నాడు గుండె ఉబ్బించి. "గిది మహంగా మాల్, శానా పిరం."

ఆ పిల్ల డాబా మీదే పెరిగింది. మగ్గం కింద చాప వేసి పడుకోబెట్టేవాడు. పాకడం నేర్చినప్పుడు పావురాల మధ్యే పాకింది. తెల్లదాని మువ్వల వెనక నవ్వుకుంటూ పోయేది. ఆ దృశ్యం చూడడానికి మా అత్తమ్మ కూడా పని మానుకుని మెట్లెక్కి వచ్చేది.

మూడో ఏడు నిండుతుండగా దగ్గు మొదలైంది. ముందు నిమ్ము అన్నారు, తర్వాత దిష్టి అన్నారు. తాయెత్తు కట్టారు, కషాయాలు పోశారు. ఒక మధ్యాహ్నం పిల్ల పెదవులు నీలంగా మారితే భాభీ కేక విని మా ఇంట్లో వాళ్ళం కూడా ఆటో వెనక పరుగెత్తాం. ఛాతీ డాక్టరు అన్నీ చూసి, ఇంట్లో పక్షులున్నాయా అని అడిగాడట. ఉన్నాయన్నాడు ఈయన. వాటి ఈకల దుమ్ము, ఎండిన రెట్టల దుమ్ము ఈ పిల్ల ఊపిరితిత్తులకు విషమని, డాబా మీద ఒక్క పక్షి కూడా ఉండకూడదని, ఉంటే పిల్ల దక్కడం కష్టమని డాక్టరు కచ్చితంగా చెప్పాడు.

"తెల్లవాటితోనా, బూడిదవాటితోనా సాబ్?" అని ఈయన అడిగాడట.

ఈ ముక్క భాభీ చెప్పింది. చెబుతూ నవ్వబోయి ఏడ్చేసింది.

మర్నాడే గంపలు వచ్చాయి. చౌక్‌లో పావురాల బజారులో అమ్మితే మంచి ధర వచ్చేది, ఆయనవి పేరున్న పావురాలు. అమ్మనన్నాడు. జహనుమా బస్తీలో ఆయనకో దోస్తు ఉన్నాడు, అతనూ పావురాలు పెంచుతాడు. అతనికి ఊరికే ఇచ్చేశాడు. కొత్త డాబాకు పావురాన్ని తెచ్చుకుంటే, ముందు దాని రెక్క ఈకలను దారంతో కలిపి కుట్టేస్తారు. రెండు మూడు నెలలు అది ఎగరడానికి వీలుండదు. ఆలోపు జత కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేస్తే ఇక ఆ డాబానే దాని ఇల్లు. ఇది ఈ విద్యలో అందరికీ తెలిసిన పద్ధతి. ఎందరికో తన నోటితో ఇదే చెప్పిన మనిషి, తనవాటి వంతు వచ్చేసరికి కుట్టొద్దన్నాడు. నావి బుద్ధిమంతులు, చెబితే వింటాయి, రెక్కలు కట్టేసి అవమానించొద్దు అన్నాడు.

దోస్తు ఇంట్లో చాయ్ తాగి, పావురాలకు సలాం చెప్పి, ఖాళీ గంపలతో షేర్ ఆటో ఎక్కాడు. మనుషులకు ట్రాఫిక్ ఉంటుంది, పావురాలకు ఉండదు. ఆయన గల్లీ మలుపు తిరిగేసరికి గుంపు మొత్తం డాబా మీద ఉంది. మూసిన గూళ్ళ ముందు వరుసగా కూర్చుని ఆయన కోసం చూస్తున్నాయి. ఆయన మెట్లెక్కి వచ్చి వాటిని చూసి, గంపలు కింద పెట్టి, మా గోడ మీద కూలబడ్డాడు. వాటి తెలివికి గర్వపడాలో తన ఖర్మకు ఏడవాలో తెలియని ముఖం అది. తెల్లది వచ్చి ఆయన జేబును ముక్కుతో పొడుస్తోంది.

రెండోసారి తీసుకుపోయేముందు రెక్కలు తానే కుట్టాడు. దోస్తు చేయి మొరటుదన్నాడు. మగ్గం మీద కూర్చుని ఒక్కొక్కదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఈక చీలకుండా జరీ సూదితో సన్నటి పట్టుదారం ఎక్కించాడు. అవి కదలలేదు. ఆ చేతులను నమ్మాయి. ఆ మగ్గం మీద ఎన్నో పెళ్ళిబట్టలు తయారవడం చూసిన నేను, ఆ కుట్టుపని చూడలేక కిందికి దిగిపోయాను.

నెలలు గడిచాయి. మగ్గం కిందికి దింపి, డాబా కడిగించి సున్నం వేయించాడు. నూరీకి తేలికపడింది. జహనుమాలో దారాలు విప్పే సమయానికి చాలావరకు అక్కడ జతలు కట్టి స్థిరపడ్డాయి. తెల్లది మాత్రం వచ్చేసింది. దానికి వయసు మళ్ళింది, గుడ్లు పెట్టే కాలం పోయింది. దాని పిల్లలు ఎప్పుడో పెద్దవై జతలు కట్టాయి, దాన్ని అక్కడ ఆపడానికి కొత్త పిల్లలంటూ లేవు. తీసుకుపోయి మళ్ళీ కుట్టారు, విప్పగానే మళ్ళీ వచ్చింది. ఆ రాక ఎవరూ గమనించలేదు. రేకుల కింద పాత మూలలో రెండు రోజులు ముడుచుకుని ఉంది. మూడో రోజు నూరీని ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. ఈసారి పిల్ల దక్కుతుందని మేమెవరం అనుకోలేదు.

పిల్ల ఇంటికొచ్చాక తెల్లదాన్ని జహనుమాకు చేర్చాడు. ఇంకోసారి కుట్టడం నా వల్ల కాదన్నాడు దోస్తు. ఎగరలేని ముసలి పావురాన్ని ఎన్నాళ్ళని ఉంచుతాం, పిల్లి నోటికి అందించినట్టే కదా అన్నాడు. ఆ మాటా నిజమే. ఈ డాబా ఇక తనది కాదని దానికే తెలియాలి, వేరే దారి లేదు.

రెండు రోజులకు అది వచ్చింది. సాయంత్రం నేను బట్టలు తీయడానికి పైకి వెళ్ళాను. ఆయన గడ పట్టుకుని డాబా నడుమ నిలబడి ఉన్నాడు. పైన తెల్లది ఒక్కటే తిరుగుతోంది. దిగబోతుంది, నల్లగుడ్డ ఆడుతుంది, లేస్తుంది. మళ్ళీ తిరిగి వస్తుంది. ఆట అనుకున్నట్టుంది పాపం. గడ ఊపినంతసేపూ ఎగరడం, పిలిస్తే దిగడం దానికి ఆయన నేర్పిన చదువు. ఆ పిలుపు కోసం అది చూస్తోంది. ఆయన నోరు గట్టిగా మూసుకుని గడ ఊపుతున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డంలోకి ఇంకుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఎండ తగ్గింది. దాని చుట్లు చిన్నవయ్యాయి, కిందికి వచ్చాయి. మువ్వలు వినిపించేంత కిందికి. అలసిపోయి మా నీళ్ళ ట్యాంకు వైపు తిరిగింది.

"చెల్లె, ఆడ వాలనియ్యకు," అన్నాడు. "నీళ్ళు గూడ చూపియ్యకు. ఒక్క చుక్క తాగిందంటే ఉంటది. ఉంటే నా బిడ్డ ఉండదు."

నేను తీయబోయిన చీరనే పట్టుకుని ఊపాను. అది ట్యాంకు అంచు దాకా వచ్చి లేచిపోయింది. అప్పుడే మా అత్తమ్మ మెట్లెక్కి వచ్చింది, చేతిలో స్టీలు గిన్నె నిండా నీళ్ళు. ఇన్నేళ్ళు ఆ పావురాలను శాపనార్థాలు పెట్టిన మనిషి. కిందనుంచి అంతా విన్నది, అయినా ఉండబట్టక తెచ్చింది. ఆయన చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె గిన్నెను కింద పెట్టలేదు, దిగిపోనూ లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, పైకి కొంగు కప్పేసింది. పావురానికి నీళ్ళు కనబడకుండా.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా ఆయన గడ దించలేదు. వెలుతురు పోతుండగా తెల్లది ఒకసారి చాలా పైకి లేచి, ఫలక్‌నుమా వైపు తిరిగి పోయింది. చీకట్లో పావురానికి చూపు ఆనదు. అది ఆయనకు తెలుసు, అప్పటికి మాకూ తెలుసు. మర్నాడు ఆయన జహనుమా వెళ్ళి వచ్చాడు. అక్కడికి చేరలేదు. ఆ తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. అత్తమ్మ ఆ ఏడు వడియాలు పెట్టలేదు. అడిగితే మోకాళ్ళ నొప్పులంది.

ఆనాటి నుంచి పోయిన వారం దాకా ఆయన పని అదే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గడ పట్టుకుని పైకి వచ్చేవాడు. ఊళ్ళో పావురాలు ఎక్కువయ్యాయి, ఎక్కడెక్కడివో వచ్చి వాలబోయేవి. ఒక్కదాన్ని వాలనిచ్చేవాడు కాదు. పాతవాళ్ళు కొందరు పోయారు, కొందరు ఇళ్ళు మారారు. కొత్తవాళ్ళ లెక్కలో ఆయన, పావురాలంటే గిట్టని ముసలాయన. కబూతర్‌వాలా పేరు మాత్రం మిగిలింది. ఎందుకొచ్చిందని నూరీ అడిగితే, కబూతర్లను తరుముతాను కదా, అందుకే అని చెప్పాడట. భాభీ చేత కూడా నిజం చెప్పనని మాట తీసుకున్నాడు, పిల్ల నమ్మింది.

ఒక్క అలవాటు ఆయన దాచుకోలేకపోయాడు. గల్లీలో నడుస్తుంటే పైన రెక్కల చప్పుడు వినబడితే చాలు, కుడిచేయి దానంతటది జేబులోకి పోయేది. ఖాళీగా బయటికి వచ్చేది. ఆ చేతిని కాసేపు చూసుకుని నడిచేవాడు. పిల్లలకంటే పావురాలు సస్తా అన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. మా బాబు కాలేజీ ఫీజు కట్టిన రోజు నేను గోడ దగ్గరికి వెళ్ళి కావాలనే గట్టిగా వాపోయాను. ఫికర్ చేయకు చెల్లె, అయిపోతుంది అని మామూలుగా అందరూ చెప్పే మాటే చెప్పాడు. నాకు చాలా దిగులేసింది.

తర్వాత కొన్నాళ్ళకు నాకు జహనుమా స్కూలుకు బదిలీ అయింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం స్కూలు వదిలి బస్సు కోసం వస్తుంటే చాయ్ బండి పక్కన ఆయన కనిపించాడు. తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఎదురుగా దోస్తు ఇల్లు, డాబా మీద గుంపు లేస్తోంది. నన్ను చూసి తడబడలేదు. వేలితో చూపించాడు.

"గా చివర తెల్లది చూడు చెల్లె, ఎడమకు ఒరిగి తిరుగుతుంది. మనదాని మనుమరాలు. అదే తీరు."

పైకి వెళ్ళి చూడొచ్చు కదా అన్నాను. బట్టలకు దుమ్ము అంటుతుందన్నాడు. ఇంటికి పోయి ఎలాగూ స్నానం చేస్తాను గానీ, ఎందుకొచ్చిన భయం, రోడ్డు మీంచి బాగానే కనబడుతుందన్నాడు. ప్రతి శుక్రవారం వస్తాడట. ఇంట్లో నమాజు తర్వాత దోస్తులతో మాట్లాడి వస్తానని చెబుతాడట. నూరీ అప్పటికి దగ్గు సంగతే మరిచిపోయి స్కూల్లో పరుగు పందేల్లో ఉరుకుతోంది. పిల్లకు చెప్పకూడదా భాయ్, పెద్దదవుతోంది కదా, నిన్ను అందరూ పావురాల పగవాడంటుంటే వింటోంది కదా అని అడిగాను. ఆయన పదే పదే ఒకే చోట తిరుగుతున్న గుంపునే చూస్తూ నిలబడ్డాడు.

"పిల్లలకు ఖర్సు జెప్పొద్దు చెల్లె," అన్నాడు చివరికి. "జెప్తే గది అప్పయితది. నా బిడ్డ ఊపిరి తీసుకున్నప్పుడల్ల అప్పు యాదికి రావొద్దు. నన్ను కసాయోడు అనుకున్నా సరే. నువ్వు గూడ జెప్పొద్దు, నేను పొయినంక గూడ."

నేను సరేనన్నాను. రోడ్డు మీద, చాయ్ బండి పొగలో నిలబడి ఇచ్చిన మాట. ఇద్దరం ఒకే బస్సులో ఇంటికొచ్చాం. దారంతా కూరగాయల ధరలు మాట్లాడుకున్నాం.

ఆయన పోయాక మూడు రోజులు వాళ్ళింట పొయ్యి వెలిగించలేదు. గల్లీలో వంతులు వేసుకుని వండి పంపాం. నా వంతుకు ఖిచిడీ, పుల్లటి ఖట్టా డబ్బాలో పంపాను. నాలుగో రోజు సాయంత్రం నేను డాబా మీద ఉండగా నూరీ పైకి వచ్చింది. డబ్బా కడిగి, వట్టిది ఇవ్వకూడదని లోపల చారెడు చక్కెర పోసి తెచ్చింది. ఇరవైకి దగ్గరపడిన పిల్ల. మూడంతస్తులు ఎక్కి వచ్చినా ఆయాసం లేదు. నేను ముందు చూసేది అదే, ఇన్నేళ్ళ అలవాటు. రెండో చేతిలో కాగితం పొట్లం ఉంది.

"ఆంటీ, నేనొకటి అనుకున్న," అంది. "మా అబ్బా ఎవ్వల్నీ ఒక్క మాట అనలేదు. మస్తు మంచోడు. గానీ కబూతర్లను మాత్రం మస్తు సతాయించిండు. చిన్నప్పుడు ఒక్కటి తెచ్చుకుంట అని నేను ఎంత ఏడ్చినా ఇనలే. ఆకలికి వచ్చినవాటిని గూడ తరిమిండు. గా గునా అబ్బాకు ఉండొద్దు. రోజూ ఈడ దానా ఏస్త, అబ్బా పేరు మీద."

పొట్లం విప్పింది. జొన్నలు.

తండ్రి పాపం కడగడానికి ఆ తండ్రి బిడ్డ జొన్నలు తెచ్చింది. ఆయన జేబులోంచి ఈ డాబా మీద రాలిన జొన్నల్లో ఆ పిల్ల పాకింది. చెప్పొచ్చు, ఒక్క మాట చాలు. మీ నాన్న కసాయివాడు కాదే, ఆకాశంలో రెక్క ఒరిగిన తీరు చూసి అది ఎవరి మనవరాలో చెప్పగలిగిన మనిషి అని అరిచి చెప్పాలని ఉంది నాకు. అయితే ఆ మాట విన్నాక ఈ పిల్ల ఈ డాబా మీద ఊపిరి ఎలా తీసుకుంటుంది? ఆయన భయపడింది దీనికే.

ఆమె గుప్పెడు గింజలు తీసి చల్లేసింది. నేను చూస్తుండగానే ఎదురింటి రేకుల మీదినుంచి రెండు లేచాయి. మసీదు వైపునుంచి ఇంకో నాలుగు. రెక్కల గాలికి గోడ మీది దుమ్ము లేచింది.

ఆయన గడ రేకుల కింద తన చోట ఆనించి ఉంది. నేను ఈ వయసులో ఆ గోడ దాటి, గడ అందుకుని, చేతనైనంత గట్టిగా ఊపాను. దాని బరువు నాకు తెలియదు, భుజం పట్టేసింది. నల్లగుడ్డ ఆడింది. దిగబోయినవి ఒక్కసారిగా పైకి లేచాయి. నూరీ తెల్లబోయి నా వైపు చూస్తోంది, చేతిలో పొట్లం వంకరపోయి గింజలు కారిపోతున్నాయి.

ఆ జొన్నలు ఇటివ్వమన్నాను. మీ అబ్బా పేరు మీద రోజూ నేనే మసీదు ముంగిట వేస్తాను, ఇక్కడొద్దు, మా ఇంటికి రెట్టలు పడతాయి అన్నాను. కింద రాలినవి కూడా ఊడ్చి తీసుకుని కొంగున కట్టుకున్నాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మీద కోపమో, బాధో.

"మీకు గూడ గంత గిట్టదా ఆంటీ?"

"గిట్టదు బిడ్డా," అన్నాను.

ఆమె చక్కెర డబ్బా గోడ మీద పెట్టి మెట్లు దిగిపోయింది. పావురాలు తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాయి. చీకటి పడేదాకా నేను గడ దించలేదు.